ఫ్యాను ఆగిన చోట

ఆ రికార్డింగులో నలభై ఒకటో సెకను దగ్గర అబద్ధం ఉందని పెద్దసారు తేల్చేశాడు.

“అతుకు,” అన్నాడు, తెర మీది గీతను పెన్ను మూతతో పొడుస్తూ. “ఇక్కడిదాకా ఒక గుడ్డ, ఇక్కణ్ణించి ఇంకో గుడ్డ. కుట్టు కూడా సరిగ్గా పడలేదు. ఆయాగారికి ఫోను కంటే చీపురే నయం.”

తన జోకుకి తనే నవ్వుకుని ఫైలు ఆమె బల్ల మీద పడేశాడు. “ప్రాథమిక నివేదిక నిన్ననే పంపేశాను. శుక్రవారం విచారణ. నువ్వు ఈ గీతల బొమ్మలు నీటుగా తీసి తుది నివేదికకి జతచెయ్యి. అంతే పని.”

ఆమె తలూపింది. ఆ శబ్ద పరీక్షల ల్యాబులో ఆమెని అందరూ చెవులమ్మ అంటారు. పొద్దున వచ్చి హెడ్‌ఫోన్లు తగిలించుకుందంటే సాయంత్రం దాకా తీయదు. మొదట్లో భుజం తట్టి పలకరించేవాళ్ళు. తర్వాత దూరం నుంచే చెయ్యి ఊపేవాళ్ళు. ఇప్పుడు ఫైళ్ళు బల్ల మీద పెట్టి పోతున్నారు. రోజూ మైకు పరీక్షించేటప్పుడు “ఒకటి, రెండు, మూడు” అంటుంది. కొన్ని రోజుల్లో ఆమె నోట్లోంచి వచ్చే మాటలు ఆ మూడే.

పక్క బల్ల టైపిస్టు మాత్రం ఎవరు విన్నా వినకపోయినా మాట్లాడుతూనే ఉంటాడు.

“వృద్ధాశ్రమం కేసండీ,” అన్నాడు, ఆమె ఫైలు విప్పుతుంటే. “మూల గదిలో ఒక పెద్దావిడ. మంచం పక్కన బెల్లు. దాని వైరు పీకేశారు. పాపం, పిలిస్తే పలికేవాళ్ళు లేక తనే బాత్రూముకని లేచింది. పడింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉండి పోయింది.”

“ఎవరు పీకారు?” ఆమె గొంతు బొంగురుగా వచ్చింది. ఆ రోజుకి అదే మొదటి మాట.

“చేత్తో పీకింది ఆయానే, ఇప్పుడు సస్పెన్షనులో ఉంది. తనంతట తను పీకిందని మేనేజరు. మేనేజరు పీకమంటేనే పీకానని ఆయా. ఈ ఫోను రికార్డింగు తప్ప ఆవిడ చేతిలో ఇంకేం లేదు. అదేమో అతుకుల బొంత అని మన సారు రాసేశారు. ఇంక ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, పోలీసులు కూడా వస్తారు. అడుసు తొక్కడమెందుకు, కాలు కడగడమెందుకు? అసలు ఆ ఫోను బయటికి తీయకుండా ఉండాల్సింది.”

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.

సామాన్ల గదిలో తీసిన రికార్డింగు. ఇనప బీరువా తలుపు చప్పుడు. మేనేజరు గొంతు దుప్పట్ల గురించి అడిగింది. ఆయా వేశానండీ అంది. తర్వాత మూల గదిలోని పెద్దావిడ పెట్టే గోల గురించి అతను ఏదో విసుక్కున్నాడు. నలభై ఒకటో సెకను దగ్గరికి వచ్చేసరికి: “మూల గది బెల్లు…” టక్‌మని చిన్న చప్పుడు. “…వైరు పీకెయ్. ఎవరికీ చెప్పక్కర్లేదు.”

మేనేజరు వాదన సులువైంది. బెల్లు బాగుచేయించమన్నాను, అది ఒక రోజు. పాత హీటరు కాలిపోతే దాని వైరు పీకెయ్యమన్నాను, అది ఇంకో రోజు. ఆయా రెండు సగాలు కలిపి ఒక వాక్యం చేసింది.

పెద్దసారు చూపించిన సాక్ష్యం కూడా చిన్నదేమీ కాదు. కరెంటు ఉన్న ప్రతి గదీ సన్నగా మూలుగుతుంది. సెకనుకి యాభైసార్లు ఊగే ఆ మూలుగు మనిషి పట్టించుకోడు గానీ ఫోను వదిలిపెట్టదు. ఎక్కడైనా కోసి అతికిస్తే మాటలు అతుకుతాయేమో గానీ ఆ మూలుగు అతకదు. నడుస్తున్నవాడు అడుగు తడబడ్డట్టు అక్కడ తడబడుతుంది. నలభై ఒకటి దగ్గర సరిగ్గా అదే జరిగింది. మూలుగు చటుక్కున సన్నబడింది, అడుగు తప్పింది.

బొమ్మ తీయడమే పని. తీసి ఇచ్చేయొచ్చు. కానీ ఆమె ఆ టక్‌మన్న చోటుకి మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. అతుకు దగ్గర గది మారాలి. ఇక్కడ గది మారలేదు. అదే బీరువా, అదే గోడలు. గదిలోంచి ఏదో బయటికి వెళ్ళిపోయింది, అంతే. అదీ ఒక్కసారిగా వెళ్ళలేదు. వెనక్కి చూసుకుంటూ, మెల్లగా వెళ్ళింది.

అదేమిటో చెవికి దొరకలేదు.

*

బుధవారం పొద్దున్నే ఆమె సాఫ్ట్‌వేరులో ఒక మూల ఉన్న సెట్టింగు తెరిచి చూసింది. హామింగ్ అని ఉంది. ఎప్పుడూ అదే ఉంటుంది.

శబ్దాన్ని మొత్తంగా ఒకేసారి లెక్కకట్టలేరు. ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ స్వరం ఎంతుందో చూస్తారు. చిక్కంతా ఆ కోతలోనే ఉంది. కత్తెరతో తుంచినట్టు కోస్తే అంచుల దగ్గర లేని స్వరాలు పుడతాయి. గట్టి స్వరం తన మడి గట్టు తెంచుకుని పక్క మడులన్నిటిలోకీ పారుతుంది. అందుకని ముక్క రెండు చివర్లూ మెల్లగా సన్నగిల్లేలా చేసి అప్పుడు లెక్కకడతారు. ఆ సన్నగిల్లించే పద్ధతి పేరే విండో. అవి చాలా రకాలు. ఏ ఒక్కటీ అన్ని పనులకీ పనికిరాదు.

పెద్దసారు వయసంతా మాటల మీద పనిచేసినవాడు. ఎవరు ఏ అక్షరం పలికారో కంప్యూటరుకి నేర్పించడం ఆయన చదువు. ఆ పనివాళ్ళకి హామింగ్ పెట్టడం అంటే అన్నానికి ముందు చెయ్యి కడుక్కోవడం లాంటిది, ఆలోచించి చేసేది కాదు. హామింగ్ పొంగుని గట్టుకి దగ్గర్లోనే బాగా అణుస్తుంది. కానీ అణిచాక ఇంక తగ్గనివ్వదు. ఎంత దూరం పోయినా నేల మీద సన్నని నీటి పొర నిలిచే ఉంటుంది. మాటలకి ఆ పొర అడ్డం రాదు. దాని కింద ఏదైనా ఉంటే మాత్రం కనపడదు.

ముందు అసలు విండో లేకుండా చూసింది. యాభై దగ్గరి మూలుగు తెర అంతా వరదలా పారింది. హామింగ్ పెట్టింది. వరద తీసింది, పొర మిగిలింది. నిన్న పెద్దసారు పెన్నుతో పొడిచిన బొమ్మ అదే. ఫ్లాట్‌టాప్ పెట్టింది. స్వరం ఎత్తు కొలవడంలో దానికి సాటి లేదు గానీ మహా లావు మనిషి. బస్సులో పక్కవాడి సీటు కూడా తనే ఆక్రమించుకుంటుంది. పక్కనెవరైనా ఉన్నారో లేదో తెలియనివ్వదు. హాన్ పెట్టింది. యాభైకి కాస్త కింద ఏదో మినుకుమంది. ఉందనుకుంటే ఉంది, లేదనుకుంటే లేదు.

బ్లాక్‌మన్ పెట్టింది.

మూలుగు గీత ఇంకొంచెం మందమైంది. కానీ దాని రెండు పక్కలా నేల పొడిగా ఆరిపోయింది. ఆ పొడినేల మీద, యాభైకి కొంచెం దిగువన, దారప్పోగంత గీత ఇంకొకటి కనపడింది. మొదటి నుంచీ తిన్నగా నడిచి వచ్చింది. నలభై ఒకటి దగ్గర వంగింది. వంగి, ఎక్కడా తెగకుండా, వాలుగా కిందికి జారుతూ జారుతూ కొన్ని సెకన్ల తర్వాత నేలలో కలిసిపోయింది.

ఆమె హెడ్‌ఫోన్లు తీసేసింది.

మోటారు ఎప్పుడూ కరెంటు కంటే ఒక అడుగు వెనకే తిరుగుతుంది. ఆ గదిలో గోడకి గాలి బయటికి లాగే ఫ్యాను ఉంది. ఆ టక్ అన్నది స్విచ్చి. ఎవరో ఫ్యాను ఆపారు. మోటారు తాలూకు మూలుగు ఆ క్షణంలోనే పోయింది. అందుకే గదిలోని మూలుగు సన్నబడింది, అడుగు తప్పినట్టు కనపడింది. కానీ రెక్కలు ఒక్కసారిగా ఆగవు. తిరిగి తిరిగి, నెమ్మదించి నెమ్మదించి ఆగుతాయి. ఆ జారుడే తెర మీద కనపడుతున్నది. కోసి అతికిన చోట అలాంటి జారుడు ఉండటానికి వీల్లేదు.

ముక్క పొడవు పెంచి చూసింది. తగ్గించి చూసింది. ఎక్కడ చూడాలో తెలిశాక హాన్‌లోనూ కనపడింది. హామింగ్‌లో మాత్రం ఎంత వెతికినా లేదు.

ఆపింది ఎవరు? ఆయా గొంతు అప్పుడు కూడా బీరువా వైపు నుంచే వస్తోంది. స్విచ్చి చప్పుడు మేనేజరు గొంతు దగ్గర పడింది. ఎందుకు ఆపాడు? ఆ చోటు మళ్ళీ విన్నది. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ అతను గొంతెత్తి మాట్లాడాడు. ఆపాక గొంతు తగ్గించాడు. వైరు పీకెయ్. ఎవరికీ చెప్పక్కర్లేదు. గట్టిగా అరిచి చెప్పదగ్గ మాట కాదని అతనికి తెలుసు.

“దొరికావు,” అంది పైకే.

టైపిస్టు తల తిప్పాడు. “ఎవరితోనండీ?”

“ఫ్యానుతో.”

అతను పైన ఫ్యాను వైపు చూసి, ఆమె వైపు చూశాడు. “పోన్లెండి. ఎవరితోనో ఒకరితో మాట కలిపారు.”

పని అక్కడితో ఆపేసి ఉంటే బాగుండేది. కానీ దొరికిన దారాన్ని మొదటి నుంచీ చివరిదాకా వేలితో తడమకుండా వదిలే అలవాటు ఆమెకు లేదు. రికార్డింగు ఆరంభానికి వెళ్ళింది. సన్నగీత పక్కనే తనూ నడిచింది.

పన్నెండో సెకను దగ్గర గీత చిట్లింది.

వెంట్రుకంత చిట్లు. పెద్ద మూలుగు అక్కడ అడుగు తప్పలేదు. కోసినవాళ్ళ అదృష్టం, కోత సరిగ్గా అడుగుకి అడుగు కలిసే చోట పడింది. ఫ్యాను నడక మాత్రం కలవలేదు. ఆమె విండో మార్చింది. ముక్క మార్చింది. చిట్లు పోలేదు.

ఆయా నిజంగానే కోసింది. ఎవరూ అనుమానించని చోట.

*

“నలభై ఒకటి దగ్గర అతుకు లేదు సార్.”

పెద్దసారు కుర్చీలోంచి లేవకుండానే ఆమె కాయితాలు లాక్కున్నాడు. చూస్తున్నకొద్దీ ఆయన చెయ్యి జేబులోని కళ్ళజోడు కోసం వెతికింది. పెట్టుకుని మళ్ళీ చూశాడు.

“ఏ విండో?”

“బ్లాక్‌మన్.”

“మనకి కావలసిన బొమ్మ వచ్చేదాకా విండోలు మార్చుకుంటూ పోతే గుర్రానికి కొమ్ములు కూడా చూపించొచ్చమ్మా.”

“హాన్‌లోనూ ఉంది సార్. ముక్క పొడవు మార్చినా ఉంది. హామింగ్‌లో మాత్రమే లేదు. పొర కింద పడిపోయింది.”

ఆయన చెడ్డవాడు కాదు. చాలా ఏళ్ళ కిందట ఆమెకి మొదటి హెడ్‌ఫోన్లు తన బల్ల సొరుగులోంచి తీసి ఇచ్చినవాడు. పనిలో తప్పు పోతే ఇంటికెళ్ళి అన్నం తినడని ఆయన భార్య ఒకసారి చెప్పింది. కాయితం మీది జారుడుగీతను చూపుడువేలితో పైనుంచి కిందికి రాశాడు.

“ఇంకొకటి ఉంది సార్,” అని ఆమె పన్నెండో సెకను బొమ్మ ముందు పెట్టింది. పెట్టకుండా ఉండటం ఎలాగో ఆమెకు తెలియదు.

ఆయన ముఖంలోకి ఒక్కసారి రక్తం తిరిగి వచ్చింది.

“అయితే ఇంకేం? కోసిందిగా! పన్నెండు దగ్గర కోస్తేనేం, నలభై ఒకటి దగ్గర కోస్తేనేం? ‘రికార్డింగు మార్చబడింది’. ఒక్క వాక్యం. నా నివేదికా నిలబడుతుంది, నువ్వు చెప్పిందీ అబద్ధం కాదు.”

“ఆ ఒక్క వాక్యంతో ఆయా జైలుకి పోతుంది సార్. మేనేజరు ఆ మాట అన్నాడు. మధ్యలో ఎవరూ ఏమీ అతకలేదు.”

“మనల్ని అడిగింది రికార్డింగు గురించి. మేనేజరు గుణగణాల గురించి కాదు.”

“నేను రెండూ రాస్తాను.”

“రాస్తే నువ్వే వెళ్ళి చెప్పుకో!” ఆయన కాయితాలు ఇటు తోశాడు. “నా పేరుతో పోయిన నివేదికని నేనే కాదని ఎలా అంటాను? వాళ్ళ లాయరు నిన్ను నిలబెట్టి ఉతుకుతాడు. నాలుగు మాటలు కలిపి మాట్లాడగా నేను నిన్నెప్పుడూ వినలేదు. నోరు పెగుల్తుందా నీకు?”

ఆమె కాయితాలు సరిచేసుకుంది. “వెళ్తాను సార్.”

ఆ సాయంత్రం గదికి వచ్చి, తలుపు వేసుకుని, బియ్యం కడుగుతూ ఆమె ఆ నాలుగు మాటలు గట్టిగా అని చూసింది. అయ్యా, ఇది అతుకు కాదు. కుక్కరు మూత వైపు చూస్తూ అంది. గొంతు గోడకి తగిలి తనకే తిరిగి వచ్చింది. ఎవరిదో గొంతులా ఉంది. పై అంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరో మెట్లు దిగారు. ఆ ఇంట్లో ఎవరి నడక ఏదో ఆమెకు తెలుసు. ఎవరి ముఖం ఏదో తెలియదు. అన్నం ఉడికేలోపు మాటలు ఇంకో మూడుసార్లు అప్పజెప్పుకుంది. కంచం ముందు కూర్చున్నాక ఒకటి తట్టింది. ఈ రెండు రోజులుగా ఆయా గొంతు విన్నంతగా ఆమె ఇంకెవరి గొంతూ వినలేదు. ఆ మనిషి ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో తెలుసు. అండీ అనేముందు చిన్నగా మింగుతుందని తెలుసు. ఎదురుపడితే పోల్చుకోలేదు.

*

గురువారం ఎదురుపడింది.

అసలు ఫోను తెచ్చి ఇమ్మని విచారణవాళ్ళు కబురు పెట్టారట. యాభై దాటిన మనిషి, పొట్టిగా, వెడల్పాటి చేతులతో, ల్యాబు గుమ్మంలో చెప్పులు విప్పాలో వద్దో తేల్చుకోలేక నిలబడింది.

“విప్పక్కర్లేదు, రండి,” అంది చెవులమ్మ.

ఆయా కుర్చీ అంచున కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసింది. “ఫోను తేలేదు మేడమ్. నీళ్ళ బకెట్లో పడిపోయింది. పనిచెయ్యట్లేదు.”

“అయ్యో.”

“అవునండీ. పూర్తిగా పోయింది.”

సంచిలో ఫోను మోగింది.

ఇద్దరూ కదల్లేదు. అది హుషారైన పాట ఒకటి మొత్తం పాడి, కాసేపు ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. టైపిస్టు తల పూర్తిగా కీబోర్డులో దూర్చేశాడు. ఆయా సంచిలో చెయ్యి పెట్టి దాని నోరు నొక్కేసింది.

“మా చెల్లెలండీ,” అంది చిన్నగా. “దానికి ఎప్పుడు చెయ్యాలో తెలీదు.”

చెవులమ్మకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “పన్నెండో సెకను దగ్గర ఏం తీసేశారు?”

ఆయా ముఖం బూడిదలా అయింది. ఎవరూ అడగని ప్రశ్న అది.

“అది మీకెలా…”

“కనపడుతుంది.”

“ఆ పెద్దసారు వేరే చోటన్నారు కదండీ. వైరు పీకమన్న చోట. అక్కడ నేను చెయ్యి పెట్టలేదు మేడమ్, మా అమ్మ తోడు.”

“అక్కడ పెట్టలేదని నాకు తెలుసు. రేపు అదే చెప్తాను. పన్నెండు సంగతి కూడా చెప్పాలి.”

“చెప్పకండి మేడమ్.”

“అందులో ఏముంది? మేనేజరు మిమ్మల్ని ఏమైనా అన్నాడా? అనరాని మాట?”

“అంటే బాగుండేది.” ఆయా తల వంచుకుంది. “అతను కాదండీ. అది నాది. నేను చేసింది. ఆ పెద్దావిడ కూతురు వస్తుంది రేపు. ఆ అమ్మాయి నన్ను అక్కా అంటుంది. వచ్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని మా అమ్మని చూసుకో అక్కా అని చెప్పి వెళ్ళేది. ఉద్యోగం పోతే పోనివ్వండి. జైల్లో వేస్తే వెయ్యనివ్వండి. ఆ అమ్మాయి ఎదురుగా మాత్రం అది వినిపించలేను.”

“వినిపించకపోతే మొత్తం అబద్ధమంటారు.”

“అననివ్వండి.”

“ఆవిడ పోయింది మీ వల్లనే అని ఆ కూతురు కూడా అనుకుంటుంది. ఎప్పటికీ.”

ఆయా లేచి సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, “మీరు మంచివాళ్ళేనండీ,” అంది. “కానీ రోజంతా వింటారే గానీ మనుషుల్ని చూడరు కాబోలు.”

టైపిస్టు కీబోర్డులోంచి తల ఎత్తాడు. “టీ తెప్పించమంటారా?”

ఆమె హెడ్‌ఫోన్లు అందుకుంది. పెట్టుకోలేదు. “తెప్పించండి,” అంది.

*

విచారణ గదిలో పొడవాటి బల్ల. తలవైపు విచారణాధికారిణి, నెరిసిన జుట్టు బిగించి ముడివేసిన మనిషి. ఒక పక్క మేనేజరు, అతని లాయరు. రెండో పక్క ఆయా ఒక్కతే. గోడవారన ఒక ముప్పై అయిదేళ్ళ స్త్రీ చేతిగుడ్డను మడిచి విప్పి మళ్ళీ మడుస్తోంది. ఎవరో చెప్పకుండానే చెవులమ్మకి తెలిసింది, ఆ పెద్దావిడ కూతురు.

తన వంతు వచ్చినప్పుడు మొదటి మాట బయటికి రాలేదు. రెండోది వచ్చింది. తర్వాత ఆమె తన గొంతు సంగతి వదిలేసి బొమ్మల వైపు చూస్తూ చెప్పుకుపోయింది. మూలుగు గురించి, పొర గురించి, ఫ్యాను గురించి. జారుడుగీతను తెర మీద పెద్దది చేసి చూపించింది.

లాయరు లేచాడు. “మీ ల్యాబు మొన్న ఒకటి చెప్పింది, ఇవాళ ఇంకొకటి. మధ్యలో మీరు మార్చింది ఏదో విండో అట. అమ్మా, కిటికీ మారిస్తే వీధి మారిపోతుందా?”

“వీధి మారదండీ. పాత కిటికీ అద్దానికి మసి ఉంది.”

విచారణాధికారిణి పెదవులు కదిలాయి. లాయరు ఇంకేదో అనబోతుంటే ఆవిడ చెయ్యెత్తి మేనేజరు వైపు తిరిగింది.

“బెల్లు మాట ఒక రోజు, వైరు మాట ఇంకో రోజు అన్నారు కదా?”

“అవునండీ.”

“ఫ్యాను ఆపింది బెల్లు మాట దగ్గర. అది ఇంకా తిరుగుతూ ఆగుతుండగా వైరు మాట. రెండు రోజుల పాటు ఆగిందా మీ ఫ్యాను?”

మేనేజరు లాయరు వైపు చూశాడు. లాయరు తన కాయితాల వైపు చూశాడు. “ఫ్యానంటే… నాకు గుర్తులేదండీ,” అన్నాడు మేనేజరు.

అక్కడితో ఊరుకుంటే ఆయా బయటపడిపోయేది. గదిలో ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసినది చెవులమ్మకే. ఆయా ఆమె వైపే చూస్తోంది. బతిమాలడం లేదు. ఊరికే చూస్తోంది.

“ఇంకొకటి ఉందండీ,” అంది చెవులమ్మ. “పన్నెండో సెకను దగ్గర కోత ఉంది. అది నిజమైనదే.”

లాయరు కుర్చీ వెనక్కి పడిపోయేంత వేగంగా లేచాడు. “చూశారా! ఒక చోట కోసిన చెయ్యి ఇంకో చోట కొయ్యలేదని నమ్మకమేమిటి? ఈ రికార్డింగు మొత్తం కొట్టేయాలి.”

“కోశారా?” విచారణాధికారిణి ఆయాని అడిగింది.

“కోశానండీ.”

“కోయనిది ఉందా?”

ఆయా గోడవార కూర్చున్న స్త్రీ వైపు తిరగలేదు. సంచిలోంచి ఫోను తీసి, బల్ల మీద పెట్టి, రెండు వేళ్ళతో ముందుకి తోసింది. అది బల్ల పొడవునా అందరి చేతులూ మారి చెవులమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె దానికి స్పీకరు తగిలించింది.

బీరువా చప్పుడు. దుప్పట్లు వేశావా? వేశానండీ. పన్నెండో సెకను దాటింది.

“పొద్దస్తమానం ఆ బెల్లేమిటి?” అంది మేనేజరు గొంతు. “ఏం కావాలిట ఆవిడకి?”

“ఏం అక్కర్లేదండీ. ఊరికే. టైమెంతయిందని అడగడానికి.”

“ఎలా అడుగుతుందేమిటి?”

అప్పుడు ఆయా గొంతు మాయమైంది. ఆ చోట సన్నని, కొంచెం ముక్కులోంచి వచ్చే, చివర్లో వణికే ముసలి గొంతు ఒకటి వచ్చింది. “ఎవరమ్మా అక్కడ? టైమెంతయిందీ…? పోన్లే, అదెంతైతే ఏంలే. నువ్వొచ్చావుగా.”

మేనేజరు పగలబడి నవ్వాడు. ఆయా కూడా నవ్వింది. ఆపుకోలేక, గొంతు నిండా నవ్వింది. ఆ నవ్వు చివర ఊపిరి తీసుకుంటూ “రోజుకి ముప్పైసార్లండీ బాబూ” అంది. తర్వాత మేనేజరు విసుగు, బెల్లు మాట, స్విచ్చి టక్, వైరు మాట. ఒకే గదిలో, ఒకే ఊపిరిలో, వరసగా.

చెవులమ్మ ఫోను ఆపింది.

మేనేజరు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. లాయరు కూర్చున్నాడు. విచారణాధికారిణి చాలాసేపు రాసి, తల ఎత్తకుండానే చెప్పింది. ఆజ్ఞ ఇచ్చింది మేనేజరేనని తేలింది. ఆయా మీద సస్పెన్షను ఎత్తేస్తున్నారు. మిగతాది పోలీసులు చూసుకుంటారు. ఆయా ఆ మాటలు విన్నట్టే లేదు. గడ్డం గుండెకి ఆనేలా తల దించేసింది. గదిలో ఎవరూ ఆమె వైపు చూడటం లేదు. గెలిచిన మనిషి చుట్టూ అంత ఖాళీ ఉండటం చెవులమ్మ ఎక్కడా చూడలేదు.

కాయితాలు సర్దుతున్న చప్పుడు మొదలైంది. చెవులమ్మ స్పీకరు వైరు చేతికి చుట్టుకుంటోంది.

గోడవార కుర్చీ జరిగింది. కూతురు లేచి వచ్చింది. చేతిగుడ్డ ఎక్కడో పడిపోయింది. ఆయా కుర్చీ ముందు ఆగింది. ఆయా చెంప మీద దెబ్బ పడబోతున్నట్టు కళ్ళు మూసుకుంది.

“అక్కా,” అంది కూతురు. “మా అమ్మ గొంతు నా దగ్గర ఎక్కడా లేదు. ఫోన్లో ఫొటోలే ఉన్నాయి. అన్నీ ఫొటోలే. మళ్ళీ అనవా?”

ఆయా కళ్ళు తెరిచింది. తల అడ్డంగా ఊపింది.

“ఒక్కసారక్కా.”

తలుపు దగ్గరిదాకా వెళ్ళిన లాయరు ఆగిపోయాడు. ఆయా రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ తన సొంత గొంతే వచ్చి మధ్యలో విరిగిపోయింది. మూడోసారి గడ్డం కొంచెం పైకెత్తి, దూరంగా గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టు చూస్తూ, ఆ సన్నని గొంతుతో అడిగింది.

“ఎవరమ్మా అక్కడ? టైమెంతయిందీ?”

“నేనేనమ్మా,” అంది కూతురు. గోడ గడియారం వైపు చూడబోయింది గానీ చూడలేకపోయింది. కళ్ళకి ఏమీ కనపడటం లేదు.

చేతిలో సగం చుట్టిన వైరుతో చెవులమ్మ చెప్పింది.

“పన్నెండు కావస్తోందండీ.”